ఇంగ్లీషు వార్తలో 'ట' ఎక్కడుంది? నిజాన్నీ అభిప్రాయాన్నీ విడదీసి చదవడం, మాట్లాడటం ఎలా

"వాళ్లబ్బాయికి ఉద్యోగం వచ్చింది" అంటే చెప్పేవాడికి స్వయంగా తెలిసిన సంగతి. "వచ్చిందట" అంటే ఎవరో చెప్పగా విన్నది. రేపు ఆ మాట అబద్ధమని తేలినా మనల్ని ఎవరూ నిలదీయరు, చివర 'ట' పెట్టే చెప్పాం కదా. తెలుగువాడికి ఈ తేడా మాటలు నేర్చే వయసులోనే పట్టుబడుతుంది. ఇంగ్లీషుకు ఇలాంటి ప్రత్యయం లేదు. అందుకని 'ట' ఒక్కటే చేసే పనిని అది పాతిక ముప్పై మాటలకు పంచిపెట్టింది. వాటిలో క్రియలున్నాయి, క్రియా విశేషణాలున్నాయి, ఒక్కోసారి శీర్షికలో ఒక జత కొటేషన్ గుర్తులే ఆ పని చేస్తాయి.

నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పదేళ్లకు పైగా ఇంగ్లీషు ఏజెన్సీ వార్తలు తెలుగు చేశాను. చేరిన మొదటి నెలలోనే, ఒక కాంట్రాక్టర్ మీద వచ్చిన ఆరోపణల వార్తలో 'అలెజ్డ్లీ' అనే మాట అనవసరమనిపించి వదిలేశాను. నా అనువాదంలో ఆయన నేరుగా దొంగ అయిపోయాడు. రాత్రి పేజీ వదిలేముందు చీఫ్ సబ్ ఎడిటర్ చూసి ఆపారు కాబట్టి సరిపోయింది. లేకపోతే మర్నాడే లాయరు నోటీసు వచ్చేది. "బాబూ, నువ్వు వదిలేసింది మాట కాదు, మన ప్రాణం" అన్నారాయన. ఆ రోజు నుంచి ఈ చిన్న మాటలను ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. పోటీ పరీక్షలకు చదివేవారికి, ఐఈఎల్‌టీఎస్ రాసేవారికి, కుటుంబ వాట్సాప్ గ్రూపులో బాబాయిగారితో వాదించాల్సి వచ్చేవారికి పనికొస్తుందని ఆ పుస్తకాన్నే ఇక్కడ విప్పుతున్నాను.

కావలసినవి: ఏదైనా ఒక ఇంగ్లీషు పత్రిక, రెండు రంగుల పెన్నులు, రోజుకు ఇరవై నిమిషాలు. ఫోనులో చదివినా ఫరవాలేదు కానీ, గీతలు గీయడానికి కాగితమే హాయి.

మొదటి పని: మీరు ఏ పేజీలో ఉన్నారో చూసుకోండి

వార్త చదవకముందే అది ఎక్కడ అచ్చయిందో చూడాలి. మామూలు వార్తను 'న్యూస్ రిపోర్ట్' అంటారు. దాని నెత్తిన రాసినవాళ్ల పేరుంటే అది 'బైలైన్', ఊరి పేరుంటే 'డేట్‌లైన్'. సంపాదకీయం 'ఎడిటోరియల్'. బ్రిటన్‌లో దాన్నే 'లీడర్' అంటారు, నాయకుడి గురించిన వ్యాసమనుకోకండి. సాధారణంగా దానికి సంతకం ఉండదు, అది పత్రిక సొంత గొంతు. రోజూనో వారానికోసారో ఒకే మనిషి రాసేది 'కాలమ్'.

'ఆప్-ఎడ్' అనే మాట చాలామందిని తికమక పెడుతుంది. ఒపీనియన్ అనే మాటకు అది పొట్టి రూపమనుకుంటారు. నిజానికి అది సంపాదకీయ పేజీకి ఎదురుగా ఉండే పేజీ అని అర్థమిచ్చే మాటకు కుదింపు. న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబరులో అలాంటి పేజీని మొదలుపెట్టి బయటివారి వ్యాసాలకు చోటిచ్చింది. ఫోనులో చదివేవారికి ఎదురు పేజీ ఎక్కడుంటుంది? అందుకే 2021లో ఆ పత్రిక ఈ పేరు మానేసి 'గెస్ట్ ఎస్సే' అని పిలవడం మొదలుపెట్టింది. మన ఇంగ్లీషు పత్రికల్లో మాత్రం పాత మాట ఇంకా నడుస్తోంది.

మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు సీపీ స్కాట్ 1921లో, పత్రికకు నూరేళ్లు నిండిన సందర్భంలో రాసిన ఒక వాక్యం పాత్రికేయులందరికీ కంఠోపాఠం: వ్యాఖ్యకు స్వేచ్ఛ ఉంది, వాస్తవాలు మాత్రం పవిత్రమైనవి. ఆయన 'కామెంట్' అన్నదాన్నే మనం అభిప్రాయం అంటున్నాం.

ఈ రెండింటికీ చెందని మూడో సరుకు ఒకటుంది: 'అడ్వర్టోరియల్'. వార్తలా కనిపించే ప్రకటన. పైన ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో 'స్పాన్సర్డ్', 'ప్రమోటెడ్', 'పార్టనర్ కంటెంట్' వంటి మాట ఉంటుంది. అది కూడా లేకుండా డబ్బు తీసుకుని వార్త వేస్తే 'పెయిడ్ న్యూస్'. ఈ మాట మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది 2009 ఎన్నికల తర్వాత. దీని మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. 2010లో నివేదిక ఇచ్చిన ఆ ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డి.

రెండో పని: వాక్యాలను మూడు కుప్పలు పోయండి

రెండు కాదు, మూడు. నిజం, అభిప్రాయం అని రెండే అనుకుంటే మొదటి అడుగులోనే జారతాం.

నాగార్జునసాగర్ డ్యామ్‌కు 26 గేట్లు ఉన్నాయి. వెళ్లి లెక్కపెట్టవచ్చు, సరిపోతుంది. ఇది 'ఫ్యాక్ట్'. డ్యామ్‌కు 36 గేట్లు ఉన్నాయని ఎవరో అన్నారనుకోండి. అది తప్పు. తప్పయినంత మాత్రాన అభిప్రాయం కాదు. లెక్కపెట్టి తేల్చగల మాటే కాబట్టి అది 'ఫ్యాక్చువల్ క్లెయిమ్', తేలిన తర్వాత 'ఫాల్స్ క్లెయిమ్'. సాగర్ అంత అందమైన జలాశయం దేశంలో మరొకటి లేదంటే అది 'ఒపీనియన్'. నేనూ ఒప్పుకుంటాను, అయినా అది అభిప్రాయమే. "నీళ్ల పంపకంలో మాకు అన్యాయం జరిగింది" అన్న మాట సంగతి? అందులో ఎన్ని టీఎంసీలు ఎవరికి అన్నది లెక్క, అన్యాయమన్నది తీర్పు. ఇలాంటి మిశ్రమ వాక్యాలే పత్రికల్లో ఎక్కువ. వాటిని మధ్యకు విరిచి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇది కనిపించినంత సులువు కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2018లో అమెరికాలో అయిదు వేల మందికి పైగా పెద్దలకు పది వాక్యాలిచ్చి, ఏవి నిర్ధారించగల ప్రకటనలో ఏవి అభిప్రాయాలో చెప్పమంది. మొదటి రకం అయిదింటినీ సరిగ్గా గుర్తించినవాళ్లు 26 శాతం. అభిప్రాయాలు అయిదింటినీ గుర్తించినవాళ్లు 35 శాతం. ఇంగ్లీషు వాళ్ల ఇంటి భాష, అయినా ఇదీ పరిస్థితి. కాబట్టి మీకు మొదటి వారం తప్పులొస్తే దిగులు పడకండి.

మధ్య కుప్పకు ఇంగ్లీషులో చాలా పేర్లున్నాయి. 'క్లెయిమ్' అంటే ఇంకా రుజువుకాని మాట. 'అసర్షన్' అంటే రుజువు చూపకుండా గట్టిగా చెప్పిన మాట. 'అలిగేషన్' తప్పు మోపే మాట, ఆరోపణ. 'అసంప్షన్' ముందే నిజమనుకుని మొదలుపెట్టినది. 'స్పెక్యులేషన్' ఊహాగానం. 'రూమర్' పుకారు. 'హియర్‌సే' మాత్రం అచ్చంగా మన 'ట'. కోర్టులో దానికి విలువ తక్కువ, అరుగు మీద ఎక్కువ.

మూడో పని: క్రియను పట్టుకోండి

ఒక రంగు పెన్ను తీసుకుని, 'అన్నారు' అనే అర్థమిచ్చే ప్రతి క్రియ కిందా గీత గీయండి. ఈ ఒక్క పనికి వారం రోజులు కేటాయించినా దండగ కాదు.

'సెడ్' రంగు లేని నీళ్లలాంటిది. చెప్పారు, అంతే. విలేకరి దాన్ని వదిలి మరో క్రియ వాడిన ప్రతిసారీ తన తూకపు రాయి ఒకటి పళ్లెంలో వేస్తున్నట్టు లెక్క. 'క్లెయిమ్డ్' అంటే, ఆయన అంటున్నాడు కానీ నేను పూచీ పడను అని. 'అడ్మిటెడ్' అంటే దాచాల్సిన తప్పు ఒకటి ఉందని ముందే ఒప్పేసుకున్నట్టు. 'కన్సీడెడ్' అంటే వాదనలో ఒక మెట్టు దిగాడని. 'రివీల్డ్', 'పాయింటెడ్ అవుట్' ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే వాటి వెనక వచ్చే సంగతి నిజమేనని విలేకరి సంతకం పెట్టినట్టవుతుంది. "మంత్రి ఎత్తిచూపారు" అంటే ఎత్తిచూపడానికి అక్కడ ఏదో ఉందన్నమాటేగా. 'ఇన్‌సిస్టెడ్' ఎవరూ నమ్మకపోయినా పట్టుబట్టాడని. 'ఆర్గ్యూడ్' అనగానే పోట్లాడుకున్నారని రాసే అనువాదకులను చూశాను. వార్తల్లో దానికి అర్థం కారణాలు చూపి వాదించారని.

మన తెలుగు పత్రికలు ఈ విషయంలో ఇంగ్లీషుకు తీసిపోవు. పేర్కొన్నారు, వెల్లడించారు, ఉద్ఘాటించారు, హితవు పలికారు, ధ్వజమెత్తారు, దుయ్యబట్టారు, విరుచుకుపడ్డారు, తూర్పారబట్టారు. ఆఖరిది ధాన్యాన్ని గాలికి ఎగరేసి తాలు వేరుచేసే పని. దానికి జోడీగా ఇక్కడి ఇంగ్లీషు పత్రికలు శీర్షికల్లో 'ఫ్లేస్' అని వాడతాయి. నిఘంటువు తీసి చూడండి, తోలు ఒలవడమని ఉంటుంది. ప్రతిపక్ష నేత ప్రెస్‌మీట్‌లో ఏ తోలూ ఒలవలేదు, కాగితం చూసి చదివి వెళ్లాడు. 'స్లామ్స్', 'బ్లాస్ట్స్', 'రిప్స్ ఇన్‌టు' అన్నీ ఈ జాతే. శీర్షికలో ఇలాంటిది కనబడితే మనసులో దాన్ని 'విమర్శించారు' స్థాయికి దించి చదువుకోండి.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా పడే గుంట: 'ఖండించారు'. తెలుగులో దాడినీ ఖండిస్తాం, ఆరోపణనూ ఖండిస్తాం, ఎదుటివాడి వాదాన్నీ ఖండిస్తాం. ఇంగ్లీషుకు ఇవి మూడు వేర్వేరు పనులు. దాడి జరిగింది, అది తప్పు అంటే 'కండెమ్'. ఆరోపణ నిజం కాదంటే 'డినై'. నిజం కాదని ఆధారాలతో నిరూపిస్తే 'రెఫ్యూట్'. మంత్రి తన మీద వచ్చిన ఆరోపణలను 'కండెమ్' చేశారని రాసే పత్రికా ప్రకటనలు నా బల్ల మీదకు లెక్కలేనన్ని వచ్చాయి. ఇంగ్లీషు చదువరికి అది వింతగా తోస్తుంది: అవి నిజమా కాదా చెప్పకుండా ఆరోపణలు చేయడం దారుణమని మాత్రమే అన్నాడే అని. 'రెఫ్యూట్' విషయంలో ఇంగ్లీషువాళ్లు కూడా జారతారు. ఊరికే కాదన్నవాడికి ఆ క్రియ ఇస్తే అతను గెలిచినట్టు రాసినట్టే. ఎదురువాదం చెప్పాడు, నిరూపణ వరకూ వెళ్లలేదంటే 'రిబట్' చాలు.

ఇంకొకటి కూడా గమనించండి. కర్త మాయమైన వాక్యం. 1987 జనవరిలో అప్పటి అధ్యక్షుడు రీగన్ అమెరికా కాంగ్రెస్ ముందు ఇరాన్ ఆయుధాల వ్యవహారం గురించి మాట్లాడుతూ తీవ్రమైన పొరపాట్లు 'వర్ మేడ్' అన్నారు. ఎవరు చేశారో ఆ వాక్యంలో లేదు. ఇంగ్లీషు చదువరికి ఇది తప్పించుకోవడంలా వినిపిస్తుంది, ఎగతాళికి కూడా వాడతారు. మనకు అలా వినిపించదు. "పొరపాటు జరిగింది" అనడం తెలుగులో మర్యాద. కప్పు కూడా దానంతట అదే పగులుతుంది మన ఇళ్లలో. అందుకే ఇంగ్లీషు కర్మణి వాక్యం కనబడినప్పుడు మనం కొంచెం పనిగట్టుకుని "ఎవరు?" అని అడగాలి.

నాలుగో పని: 'ట'ను వెతకండి

రెండో రంగు పెన్ను ఇప్పుడు తీయండి.

'రిపోర్టెడ్లీ' నేరుగా 'అట'. మంచికీ చెడుకీ రెండింటికీ వాడవచ్చు. 'అలెజ్డ్లీ' చెడ్డ పనికే. ఒక అమ్మాయికి స్కాలర్‌షిప్ వచ్చిందనడానికి అది వాడితే దొంగతనంగా కొట్టేసిందని అర్థమొస్తుంది. 'పర్‌పోర్టెడ్లీ' పత్రాలకూ వీడియోలకూ ఎక్కువగా వాడతారు. ఫలానావారు రాసినట్టు చెబుతున్న లేఖ అనడానికి. 'ఆస్టెన్సిబ్లీ' అంటే పైకి చెప్పే కారణం అది, లోపల మరొకటి ఉందని సైగ. 'సపోజెడ్లీ'లో నమ్మకం ఇంకా తక్కువ.

'అపారెంట్లీ'ని స్పష్టంగా అని తెలుగు చేసేవాళ్లు చాలామంది. 'అపారెంట్' విశేషణంగా ఉన్నప్పుడు స్పష్టమైన అనే అర్థం ఉంది, అక్కడి నుంచే ఈ పొరపాటు. వార్తల్లో, మాటల్లో 'అపారెంట్లీ' అంటే అనిపిస్తోంది, అట, కాబోలు. స్పష్టతకు పూర్తిగా ఎదురు దిక్కు. 'ఆర్గ్యుయబ్లీ' కూడా అంతే. వివాదాస్పదంగా అని రాస్తారు, కానీ దాని అసలు భావం "అని గట్టిగానే వాదించవచ్చు". ఒకరిని దేశంలో ఉత్తమ బ్యాటర్ అని చెప్పి ముందు ఆ మాట పెడితే అది పొగడ్తే, ఒక చిన్న గొడుగుతో.

మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో 'ఇట్ ఈజ్ లెర్న్‌ట్' అని తరచూ కనిపిస్తుంది. తెలుగు వార్త చివరి 'తెలిసింది'కి, 'సమాచారం'కు అది కవల. ఎవరి ద్వారా తెలిసింది? 'సోర్సెస్' ద్వారా. ఆ సోర్సులు 'హైలీ ప్లేస్డ్' అయితే ఉన్నత స్థాయి వర్గాలు, 'ఆన్ కండిషన్ ఆఫ్ అనానిమిటీ' అయితే పేరు వెల్లడించడానికి ఇష్టపడని అధికారి. పేరు చెప్పి మాట్లాడితే 'ఆన్ రికార్డ్'. 'ఆఫ్ ద రికార్డ్' అని చెప్పింది అచ్చు వేయకూడదు. పేరు లేకుండా వాడుకోవచ్చంటే 'ఆన్ బ్యాక్‌గ్రౌండ్'. సినిమా ఇంటర్వ్యూల్లో ఆఫ్ ద రికార్డ్ అంటూనే కెమెరా ముందు చెప్పేవి వేరే లోకానికి సంబంధించినవి, వదిలేద్దాం.

ఒక వ్యక్తి మాట మరో ఆధారంతో సరిపోలితే 'కొరాబరేట్' అయిందంటారు. ఒకరిద్దరి అనుభవం మాత్రమే ఉంటే 'ఎనెక్‌డోటల్ ఎవిడెన్స్'. మా మేనమామకు ఆ కషాయంతో షుగర్ తగ్గింది అన్నది దీనికి మచ్చుతునక.

నేరవార్తల్లో ఈ 'ట'కు చట్టం బలం ఉంది. 'సస్పెక్ట్' అనుమానితుడు, 'అక్యూజ్డ్' నిందితుడు, కోర్టు తేల్చాకే 'కన్విక్ట్', అంటే దోషి. ఈ మెట్లు దాటేసి రాస్తే పరువునష్టం కేసు ఎదురుకావచ్చు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది, అంతకుముందు ఐపీసీ 499, 500 ఉండేవి. అదే సెక్షన్ మినహాయింపుల్లో సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయాలకు చోటుంది. అంటే నిజమా అభిప్రాయమా అన్న తేడా భాషకే కాదు, కోర్టుకూ ముఖ్యమే.

అయిదో పని: విశేషణాలనూ అంకెలనూ తడిమి చూడండి

అంకె వాస్తవమే కావచ్చు. దాని ముందు నిలబడ్డ మాట అభిప్రాయం. 14 మంది అంటే లెక్క, 'యాజ్ మెనీ యాజ్' 14 మంది అంటే "ఏకంగా", 'ఓన్లీ' 14 మంది అంటే "కేవలం". 'వాపింగ్' అంటే నోరెళ్లబెట్టేంత, 'మియర్' అంటే బొత్తిగా. ఆ ముందుమాటను వేలితో మూసి అంకెను ఒంటరిగా చదవండి.

మనుషుల ముందు వచ్చేవి: 'సెల్ఫ్-స్టైల్డ్' అంటే తనకు తాను పెట్టుకున్న బిరుదు. మన పత్రికల్లో బాబాల పక్కన తప్ప పెద్దగా కనబడదు. 'సో-కాల్డ్' అంటే అనబడే, కానీ పెదవి విరుపుతో. 'కాంట్రవర్షియల్' అని ఒకరిని అంటే వివాదం ఎవరు రేపారో చెప్పకుండానే మచ్చ పడుతుంది. ప్రభుత్వాన్ని 'గవర్నమెంట్' అనకుండా 'రెజీమ్' అంటే రాసినవాడికి అది గిట్టదని తెలిసిపోతుంది. బీబీసీ అయితే టెర్రరిస్ట్ అనే మాటను ఎవరన్నారో చెప్పకుండా తన గొంతుతో వాడకూడదని నియమం పెట్టుకుంది. దాని మీద ఆ సంస్థను తిట్టేవాళ్లూ ఉన్నారు, మెచ్చేవాళ్లూ ఉన్నారు.

'క్లియర్లీ', 'ఆబ్వియస్లీ', 'అన్‌డౌటెడ్లీ' కనబడగానే ఆగండి. నిజంగా స్పష్టంగా ఉన్నదాన్ని స్పష్టమని చెప్పనక్కరలేదు.

శీర్షికల్లో ఒంటి కొటేషన్ గుర్తులుంటే అవి పత్రిక మాటలు కావు, ఎవరివో. అదీ ఒక 'ట'. ప్రశ్నార్థకంతో ముగిసే శీర్షికకు ఇయన్ బెటరిడ్జ్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు 2009లో ఒక సూత్రం చెప్పాడు: అలాంటి శీర్షిక దేనికైనా 'కాదు' అని జవాబివ్వవచ్చని. నూటికి నూరు పాళ్లూ నిలవదు కానీ, "ఈ పండుతో క్యాన్సర్ మాయం?" వంటి వాటికి చక్కగా పనిచేస్తుంది.

పత్రిక మొగ్గును చెప్పే మాటలు కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. 'బయాస్' పక్షపాతం. 'స్లాంట్' వార్త ఒకవైపు ఒరిగి ఉండటం. 'స్పిన్' అంటే చేదు సంగతిని తమకు అనుకూలంగా తిప్పి చెప్పడం, పార్టీల ప్రతినిధుల నిత్యకృత్యం. 'పార్టిజన్' ఒక పక్షానికి కట్టుబడినది. 'పార్షల్'కు మన 'పాక్షికం' లాగే రెండర్థాలు, కొంత మాత్రమే అనీ, ఒకవైపు మొగ్గినదనీ. మన 'నిష్పాక్షికం' దానికి వ్యతిరేకమైన 'ఇంపార్షల్'కు సరిగ్గా సరిపోతుంది. 'డిస్ఇంట్రెస్టెడ్' అంటే ఆసక్తి లేనివాడని కాదు, స్వలాభం చూసుకోనివాడని. ఆసక్తి లేకపోతే 'అన్ఇంట్రెస్టెడ్'. మంచి న్యాయమూర్తి మొదటి రకం కావాలి, రెండో రకం అయితే నిద్రపోతాడు.

ఆరో పని: ఒక వార్తను పూర్తిగా విప్పండి

ఇది నేను కట్టిన వార్తే, కానీ ఇలాంటివి మీరు వందసార్లు చదివి ఉంటారు. అయిదే వాక్యాలు.

ఒక హాస్టల్‌లో 'యాజ్ మెనీ యాజ్' 14 మంది విద్యార్థులు మంగళవారం రాత్రి భోజనం 'ఆఫ్టర్' 'రిపోర్టెడ్లీ' అస్వస్థతకు గురయ్యారు. వార్డెన్ పాసిపోయిన కూర వడ్డించారని విద్యార్థులు 'అలెజ్డ్'. వార్డెన్ ఆ మాటను 'డినైడ్', సాయంత్రం పిల్లలు బయట మిరపకాయ బజ్జీలు తిన్నారని 'క్లెయిమ్డ్'. 14 మందికి చికిత్స చేశామని, నీటి నమూనాలు పరీక్షకు పంపామని వైద్యాధికారి 'కన్ఫర్మ్డ్'. ఈ ఘటన అధికారుల 'ఏపతీ'ని 'వన్స్ అగైన్' 'ఎక్స్‌పోజ్డ్'.

ముందు అంకె. నాలుగో వాక్యంలో వైద్యాధికారి ధ్రువీకరించారు కాబట్టి 14 అన్నది వాస్తవం. "ఏకంగా" అన్నది విలేకరిది. మరి అంకె ఖాయమైతే మొదటి వాక్యంలో 'రిపోర్టెడ్లీ' ఎందుకు? అది 'ఆఫ్టర్' కోసం. భోజనం తర్వాత అన్నప్పుడు కాలం చెబుతున్నట్టే ఉంటుంది కానీ, మన మనసు వెంటనే కారణంగా చదువుకుంటుంది. భోజనం వల్ల అని ఎవరూ తేల్చలేదు, నమూనాలు ఇంకా ప్రయోగశాలలోనే ఉన్నాయి. అవీ నీటి నమూనాలు, కూరవి కావు. ఈ చిన్న సంగతి గమనించారా? నేను మొదటిసారి చదివితే గమనించేవాడిని కాదు.

రెండు, మూడు వాక్యాల్లో విలేకరి న్యాయంగా ఉన్నాడు. పిల్లలకు 'అలెజ్డ్' ఇచ్చాడు, వార్డెన్‌కు 'క్లెయిమ్డ్' ఇచ్చాడు, ఇద్దరినీ నమ్మలేదు. వార్డెన్ 'సెడ్', పిల్లలు 'క్లెయిమ్డ్' అని మార్చి చదవండి. ఒక్క అంకె, ఒక్క పేరు మారకుండానే తక్కెడ వార్డెన్ వైపు ఒరిగిపోయింది.

అయిదోది పూర్తిగా సంపాదకీయం, దారి తప్పి వార్తలోకి వచ్చింది. ఎవరన్నారో లేదు. 'ఎక్స్‌పోజ్డ్' అంటే అక్కడ దాగిన తప్పు ఉందని తీర్పు. 'వన్స్ అగైన్' అంటే ఇంతకుముందు కూడా ఉందని మరో తీర్పు, దానికీ ఆధారం చూపలేదు. 'ఏపతీ' మన ఇంగ్లీషు పత్రికలకు ఊరగాయ లాంటిది, ప్రతి విస్తరిలోనూ ఉండాల్సిందే. అధికారులు నిజంగా నిర్లక్ష్యంగా ఉండి ఉండవచ్చు. నాకైతే ఉన్నారనే అనిపిస్తుంది. కానీ ఆ మాట చెప్పాల్సింది విద్యార్థి సంఘమో, తల్లిదండ్రులో, లేదా సంపాదకీయ పేజీ.

ఏడో పని: ఇప్పుడు మీరు మాట్లాడండి

ముందు కొన్ని దిద్దుబాట్లు, ఎందుకంటే ఇవి ఇంటర్వ్యూ గదిలో చెవికి గుచ్చుకుంటాయి. 'అకార్డింగ్ టు మీ' అనకండి. ఆ మాట ఇతరుల మాటకూ పుస్తకానికీ. మన అభిప్రాయానికి 'ఇన్ మై ఒపీనియన్', 'ఇన్ మై వ్యూ', లేదా ఊరికే 'ఐ థింక్'. 'ఒపైన్' అనే క్రియ మన దేశంలో గౌరవంగా వాడతాం, బయటివాళ్లకు అది కాస్త వెటకారంగా, బోధలు దంచుతున్నట్టు వినిపిస్తుంది. 'డిస్కస్' పక్కన 'అబౌట్' వద్దు. 'ఎవిడెన్స్', 'ఇన్ఫర్మేషన్' చివర బహువచనపు 'ఎస్' చేర్చకూడదు. 'న్యూస్' చివర 'ఎస్' ఉన్నా అది ఏకవచనమే, దాని ముందు 'ఏ' పెట్టకూడదు. ఒక పత్రిక 'బయాస్' కాదు, 'బయాస్డ్'.

అన్నిటికంటే చిక్కు 'అనుమానం'. అతను లంచం తీసుకున్నాడని నా అనుమానం అనడానికి 'ఐ డౌట్' అని మొదలుపెడితే, తీసుకుని ఉండడని నా నమ్మకం అనే అర్థం వస్తుంది. సరిగ్గా తలకిందులు. మనం అనుకున్నది చెప్పాలంటే 'ఐ సస్పెక్ట్' కావాలి.

నమ్మకానికి మెట్లున్నాయి. 'ఐ సస్పెక్ట్' కింది మెట్టు, 'ఐ థింక్' మధ్య, 'ఐ యామ్ కన్విన్స్‌డ్' పైన. తెలుసు అనగలిగితేనే 'ఐ నో'. ఐఈఎల్‌టీఎస్ రెండో రాత ప్రశ్నలో కనీసం 250 పదాలు, 40 నిమిషాలు. అక్కడ ప్రతి వాక్యాన్నీ 'ఐ స్ట్రాంగ్లీ బిలీవ్' అని మొదలుపెట్టేవాళ్లు మెట్లన్నీ వదిలేసి డాబా మీదే కూర్చున్నవాళ్లు. ఇతరుల వాదం చెప్పేటప్పుడు 'సమ్ ఆర్గ్యూ', మనం సగం ఒప్పుకునేటప్పుడు 'అడ్మిటెడ్లీ', మళ్లీ మన దారికి రావడానికి 'హవెవర్'. ఇవి చాలు.

ఎదుటివారిని నొప్పించకుండా ఆధారం అడగడానికి 'వేర్ డిడ్ యూ రీడ్ దట్' అన్నది మంచి ప్రశ్న. 'వాట్ ఈజ్ యువర్ సోర్స్' కాస్త కోర్టు వాసన వేస్తుంది. పెద్దవారితో అయితే మొదటిదే వాడండి.

ఫార్వర్డ్ సందేశాల గురించి మాట్లాడేటప్పుడు అన్నిటికీ 'ఫేక్ న్యూస్' అని ఒకే ముద్ర వేయకండి. 2017లో కాలిన్స్ నిఘంటువు దాన్ని ఆ ఏటి మాటగా ప్రకటించే నాటికే అది నచ్చని వార్తను తిట్టడానికి వాడే మాటగా మారిపోయింది. తెలియక పంపిన తప్పు సమాచారం 'మిస్ఇన్ఫర్మేషన్', తెలిసి మోసగించడానికి పుట్టించినది 'డిస్ఇన్ఫర్మేషన్'. బాబాయిగారు పంపేది సాధారణంగా మొదటిది. తారుమారు చేసిన ఫొటో 'డాక్టర్డ్', పాపం వైద్యులకు ఏ సంబంధమూ లేదు. ఫొటో అసలైనదే కానీ వేరే ఊరిది, వేరే ఏడాదిది అయితే 'మిస్‌లీడింగ్'. ఈ మాటే ఎక్కువసార్లు అవసరమవుతుంది. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నిర్ధారణలు రాస్తాయి. ఒకే అంశాన్ని రెండు భాషల్లోనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ పదజాలం తేలిగ్గా ఒంటబడుతుంది.

అబద్ధమని నిరూపించడానికి 'డీబంక్' అంటారు. దాని వేరు అమెరికాలోని బంకమ్ కౌంటీలో ఉంది. 1820లో ఆ ప్రాంతపు సభ్యుడు ఫీలిక్స్ వాకర్ కాంగ్రెస్‌లో అర్థంపర్థం లేని సుదీర్ఘ ప్రసంగం చేస్తుంటే తోటివాళ్లు ఆపమన్నారు. నేను మాట్లాడుతున్నది మీ కోసం కాదు, బంకమ్ కోసం అన్నాడట. ఆ ఊరి పేరే చివరికి డొల్ల మాటకు పేరైపోయింది.

నేను పై వాక్యంలో 'అన్నాడట' అని రాశాను, చూశారా. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో రాయాలంటే ఏ మాట వాడతారు? 'రిపోర్టెడ్లీ' పనికొస్తుంది, 'సపోజెడ్లీ' కూడా ఫరవాలేదు. 'అలెజ్డ్లీ' మాత్రం వద్దు, సొంత నియోజకవర్గం కోసం మాట్లాడటం నేరం కాదు.